టైర్లు అరిగిన బండా, ఫోర్కు కారుతున్న బండా? సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైకుల్లో ఏది మేలు

ఒడిశాలో మన బరంపురంలో అయినా రాయగడలో అయినా సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైకు కోసం నాలుగు చోట్ల తిరిగితే, మన బడ్జెట్‌కి అందేవి చివరికి రెండు రకాలే మిగులుతాయి. ఒకదానికి టైర్లు అరిగిపోయి, చూడగానే దిగులు పుడుతుంది. రెండోదానికి టైర్లు నల్లగా నిగనిగలాడుతుంటాయి కానీ ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపుల్ని మింగే జంట గొట్టాలు) దగ్గర సన్నగా నూనె తడి కనిపిస్తుంది. ధర ఇంచుమించు ఒకటే చెబుతారు. కొనేవాళ్లలో చాలామంది మనసు రెండోదాని మీదకే పోతుంది. నేనైతే మొదటిదే తీసుకోమంటాను. అయితే ఈ మాట చెల్లని సందర్భం కూడా ఒకటుంది. అదీ చెబుతాను.

టైరు అరగడం బయటికి కనిపించే లోపం. దాని ఖరీదెంతో టైర్ల షాపుకి ఒక్క ఫోన్ చేస్తే తెలిసిపోతుంది. యమహా ఆర్‌15 వీ3 అయితే ముందు 100/80-17, వెనక 140/70 ఆర్17. కేటీఎం ఆర్‌సీ 390 అయితే ముందు 110/70, వెనక 150/60. సైజు చెప్తే రేటు చెప్తారు, ఆ మొత్తం బండి ధరలో తగ్గించమని అడగొచ్చు. సస్పెన్షన్ సంగతి అలా కాదు. కారడం ఒక్కటే కంటికి కనిపిస్తుంది. ఆ వెనక పోయింది నూనెని ఆపే రబ్బరు సీలు ఒక్కటేనా, ఫోర్కులో జారే రాడ్డు మీద తుప్పు గుంటలు పడ్డాయా, బండి ఎక్కడైనా పడి రాడ్డు వంగిందా అన్నది విప్పితే గానీ తేలదు. ఎంతవుతుందో తెలియని ఖర్చుకి ఏ లెక్కన బేరమాడతాం?

ముందు గాలి చూడాలి

రెండు బళ్లలో దేన్ని చూసినా మొదటి పని గాలి కొలవడం. పంచర్ షాపులో బొటనవేలితో నొక్కి "చాలు బాబూ" అనిపించుకున్న గాలితో సస్పెన్షన్ గురించి తీర్పు చెప్పకూడదు. ముందు టైరులో గాలి తక్కువైతే హ్యాండిల్ బరువుగా తిరుగుతుంది, బండి మలుపులోకి దిగడానికి మొరాయిస్తుంది. ఎక్కువైతే ప్రతి చిన్న గుంతా నడుముకి తగులుతుంది. ఆ దెబ్బకి "షాక్ పోయింది" అనేస్తాం. ఎంత ఉండాలో స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) మీదో చైన్ కవర్ మీదో స్టిక్కర్ ఉంటుంది. అది చిరిగిపోతే ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, నడిపి వచ్చాక కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. సొంత గేజీ ఒకటి కొని జేబులో పెట్టుకుంటే మంచిది.

ఏదో తేడా ఉందనిపిస్తే గాలి రెండు మూడు పీఎస్‌ఐ మార్చి, అదే రోడ్డు మీద అదే వేగంలో మళ్లీ నడపండి. తేడా మారితే టైరు వైపు చూడాలి. ఏమాత్రం మారకపోతే ఫోర్కు, షాక్, బేరింగుల వైపు చూడాలి. నూటికి నూరుపాళ్లూ తేల్చే పరీక్ష కాదు కానీ ఎక్కడ వెతకాలో చెబుతుంది.

అరిగిన టైరు దాచదు

అరిగిన టైర్లున్న బండి మేలు అనడానికి ఇంకో కారణం, ఆ టైరు బండి చరిత్ర అంతా చెప్పేస్తుంది. కొత్త టైరు వేసిన రోజే ఆ చరిత్ర చెరిగిపోతుంది. అమ్మే ముందు కొత్త టైర్లు వేసినవాళ్లందరూ మోసగాళ్లని కాదు. కానీ పాతవి తీసి పారేశాక మనకి చూడ్డానికి ఏమీ మిగలదు.

వెనక టైరు నడిమధ్య బల్లపరుపుగా అరిగి, అంచులు మాత్రం బాగుంటే ఆ బండి 16వ నెంబరు హైవే మీద తిరిగిందని అర్థం. ఛత్రపురం వైపో ఇచ్ఛాపురం వైపో తిన్నగా పోయి తిన్నగా వచ్చిన బండి. ఇలాంటి టైరుతో మలుపులో వంచితే బండి మెల్లగా దిగదు, ఒక్కసారిగా పక్కకి వాలుతుంది. కొత్తగా నడిపేవాడికి గుండె ఝల్లుమంటుంది. అయినా ఇది టైరుతో పోయే లోపమే. ఇలాంటి బండి ఫోర్కు సాధారణంగా గుంతల దెబ్బలు తక్కువే తిని ఉంటుంది.

భయపడాల్సిన అరుగుదల వేరే ఉంది. ముందు టైరు మీద అరచెయ్యి పెట్టి ఒక దిక్కుకి నిమరండి, తర్వాత ఎదురు దిక్కుకి నిమరండి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు ప్రతి గడ్డ అంచూ చేతికి గుచ్చుకుంటుంటే, పైగా చక్రం చుట్టూ ఎత్తుపల్లాలు తెలుస్తుంటే, బ్యాలెన్సింగ్ సరిగ్గా లేకో, గాలి తక్కువగా నడిపో, ఫోర్కులో డ్యాంపింగ్ (ఊపుని అణిచే శక్తి) పోయి చక్రం రోడ్డు మీద ఎగిరెగిరి పడుతూనో అరిగిందన్నమాట. అలాంటి బండికి కొత్త టైరు వేసినా కొన్నాళ్లకి అదే తీరులో అరుగుతుంది.

టైరు కుడివైపు ఒకలా, ఎడమవైపు మరోలా బాగా తేడాగా అరిగితే? మొదట్లో చెప్పిన సందర్భం ఇదే. కొంచెం తేడా ఏ బండికైనా ఉంటుంది. చూడగానే తెలిసేంత తేడా ఉంటే మాత్రం చైన్ బిగించేటప్పుడు వెనక చక్రం వంకరగా పెట్టారేమో చూడాలి. స్వింగార్మ్ మీది గీతల్ని నమ్మి ఊరుకోకండి, వెనక నుంచి వంగి చైన్ తిన్నగా పోతోందో లేదో కంటితో చూడండి. చైన్ తిన్నగానే ఉండి టైరు వంకరగా అరిగితే స్వింగార్మో ఛాసిసో వంగి ఉండొచ్చు. అప్పుడు టైర్లు అరిగిన బండి మేలన్న నా మాట మరిచిపోండి. రెండు బళ్లనీ వదిలేసి మూడోది వెతుక్కోవాలి.

నిగనిగలాడే టైరుని ఎలా చూడాలి

నలుపు పాలిష్ కొడితే ఎంత పాత టైరైనా కొత్తదానిలా కనిపిస్తుంది. పాలిష్‌కి మాయని గుర్తు ఒకటుంది. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. 3219 అని ఉంటే 2019లో 32వ వారంలో తయారైందని అర్థం. ఒకవైపు కనిపించకపోతే రెండోవైపు చూడండి. కొన్ని టైర్లకి ఒక్క పక్కనే ఉంటుంది. గాట్లు ఎంత లోతున్నా అయిదేళ్లు దాటిన టైరుని అనుమానంగానే చూడాలి. రబ్బరు గట్టిపడి, వాన రోజున సుంకి ఘాటు దిగేటప్పుడు దాని సంగతి బయటపడుతుంది. పక్కగోడని వేళ్లతో కొంచెం వంచితే సన్నటి పగుళ్లు కనిపిస్తాయి, అవి పాలిష్ కింద దాగవు.

గాట్ల మధ్య చిన్న దిమ్మెలుంటాయి, వాటినే టీడబ్ల్యూఐ అంటారు. పైరబ్బరు వాటి మట్టానికి వచ్చిందంటే టైరు పని అయిపోయినట్టే. పక్కగోడ మీద బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకే ఉందో లేదో చూడండి. తిరగేసి బిగించిన టైర్లు మనవైపు కొత్త కాదు. పక్కగోడకి పంచర్ వేసి ఉంటే ఆ టైరుకి సున్నా విలువ కట్టండి. ఆర్‌15 వెనక 150 సైజు టైరు వేసి "లుక్ కోసం అన్నా" అంటారు. సన్న రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే దాని గుండ్రటి వంపు మారిపోతుంది, మలుపులో బండి బద్ధకంగా దిగుతుంది. లుక్కు అమ్మేవాడికి, ఇబ్బంది కొన్నవాడికి.

కారే ఫోర్కులో తేలికైనదీ, కానిదీ

కారే ప్రతి ఫోర్కూ పాడైపోయినట్టు కాదు. సీలు పెదవి కింద మట్టి రేణువు ఇరుక్కున్నా నూనె కారుతుంది. మట్టిని ఆపే డస్ట్ సీల్‌ని దాని చోటు నుంచి జరిపి, పలచటి ప్లాస్టిక్ ముక్కని లోపలికి పోనిచ్చి చుట్టూ తిప్పితే ఆ మట్టి బయటికొస్తుంది, కారడం ఆగిపోతుంది. సీలు నిజంగా చిరిగినా సీళ్లు, నూనె మార్చితే సరిపోతుంది, ఖర్చు వందల్లో తేలుతుంది. అసలు కష్టం రాడ్డుతో. గుడ్డతో తుడిచి, రాడ్డు పొడవునా గోరు జార్చండి. గోరు ఎక్కడైనా తట్టుకుందంటే అక్కడ గుంట ఉంది. అది సీలు కదిలే మేరలో ఉంటే కొత్త సీలుని కూడా కోసేస్తుంది. అలాంటి రాడ్డుకి మళ్లీ క్రోమ్ వేయించాలి, లేదా రాడ్డే మార్చాలి. అప్పుడు ఖర్చు వేలల్లోకి పోతుంది.

బండి ఏ వైపు నుంచి వచ్చిందో కూడా చూసుకోవాలి. గోపాలపూర్ దాపున ఉప్పుగాలిలో ఆరుబయట నిలబెట్టిన బళ్లకి ఫోర్కు రాడ్డు మీద తుప్పు చుక్కలు త్వరగా వస్తాయి. కోరాపుట్, రాయగడ కొండల్లో తిరిగిన బళ్లకి తుప్పు కన్నా ఎర్రమట్టి బాధ ఎక్కువ. అది సీళ్లలోకీ, వెనక షాక్‌ని స్వింగార్మ్‌కి కలిపే లింకేజీ బేరింగుల్లోకీ దూరుతుంది. ఆర్‌15కి ఆ లింకేజీ ఉంది, ఆర్‌సీలకి లేదు. కాబట్టి కొండవైపు నుంచి వచ్చిన ఆర్‌15 అయితే వెనక చక్రం పైకెత్తి కిందికీ మీదికీ కదిపి చూడాలి. టకటకమంటే గ్రీజు లేక బేరింగులు అరిగాయన్నమాట.

తలకిందుల ఫోర్కు, అంటే యూఎస్‌డీ, చూడ్డానికి బాగుంటుంది. 2021లో వచ్చిన ఆర్‌15 వీ4కీ, ఆర్‌సీ బళ్లకీ అదే. కానీ అందులో క్రోమ్ రాడ్డు కింద ఉంటుంది, చక్రం చిమ్మే రాయీ మట్టీ నేరుగా దానికే తగులుతాయి. సీలు పోతే నూనె కిందికి జారి బ్రేకు క్యాలిపర్ మీదకి, ప్యాడ్ల మీదకి చేరుతుంది. అప్పుడు సస్పెన్షన్ ఒక్కటే కాదు, ముందు బ్రేకు కూడా ప్రమాదంలో పడుతుంది. వీ3లాంటి మామూలు ఫోర్కుకి ఆ బెడద కొంచెం తక్కువ. మట్టి రోడ్ల మీద ఎక్కువ తిరిగే మాటైతే నా ఓటు మామూలు ఫోర్కుకే.

కారేది ముందు కాకుండా వెనక మోనోషాక్, అంటే వెనకున్న ఒంటి షాక్, అయితే లెక్క పూర్తిగా మారిపోతుంది. ముందు ఫోర్కుని ఊళ్లో మంచి మెకానిక్ విప్పి బాగుచేయగలడు. ఈ తరగతి బళ్ల వెనక షాకులు మామూలుగా విప్పి బాగుచేయడానికి వీలుగా తయారుచేసినవి కావు, పోతే కొత్తది కొనాల్సిందే. ముందు తడిని బేరంలో సర్దుకోవచ్చు. వెనక తడి కనిపిస్తే కొత్త షాక్ ఖరీదు మొత్తం తగ్గించమనండి.

నడిపి చూసేటప్పుడు

బండి ఎక్కకముందే ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ని గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి పైకి లేచి నిలబడాలి. రెండు మూడు సార్లు ఊగితే ఫోర్కులో డ్యాంపింగ్ లేదు, నూనె పాతదో తక్కువో అయ్యుంటుంది. మధ్యలో పట్టుకుని ఆగుతూ లేస్తే రాడ్లు వంగాయేమోనని అనుమానించాలి. బ్రేకు పట్టి ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిల్ మెడ దగ్గర టక్కుమందా, కోన్ సెట్ (ఆ మెడలోని బేరింగులు) వదులు. మెకానిక్ చేత ముందు చక్రం పైకెత్తించి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో గుంటలో దిగినట్టు ఆగితే కోన్ సెట్ రేసులు దెబ్బతిన్నాయి.

రోడ్డెక్కాక, 70 నుంచి 40కి గ్యాస్ వదిలి దిగేటప్పుడు హ్యాండిల్ వణికితే ముందు టైరు, బ్యాలెన్సింగ్, కోన్ సెట్, ఈ మూడింట్లో ఒకటి. చేతులు వదిలి పరీక్షించొద్దు, పట్టు సడలిస్తే చాలు తెలుస్తుంది. వేగం పెరిగాక, పొడవాటి మలుపులో బండి వెనక భాగం తోక ఊపినట్టు తేలితే వెనక టైరు, వెనక షాక్, స్వింగార్మ్ బేరింగులు చూడాలి. ముందు వణుకు ముందుది, వెనక ఊపు వెనకది అన్న లెక్క ప్రతిసారీ నిజం కాకపోయినా మొదలుపెట్టడానికి పనికొస్తుంది.

బండి ఇప్పటికే మీదై, డబ్బు ఒక్కదానికే ఉంటే

టీడబ్ల్యూఐకి చేరిన టైరు, పగిలిన టైరు, మరీ పాత టైరు ఉంటే ముందు టైర్లే. జూన్ దాటాక తప్తపాణి ఘాటు మీద పట్టు లేని రబ్బరుతో ఎంత మంచి ఫోర్కూ కాపాడదు. టైరుకి ఇంకా ఆయుష్షు ఉంటే ముందు ఫోర్కు బాగుచేయించండి. డ్యాంపింగ్ లేని ఫోర్కు కొత్త టైరుని తినేస్తుంది, అప్పుడు రెండుసార్లు ఖర్చు. నూనె బ్రేకు మీదకి కారుతుంటే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, సీలు మార్చేదాకా బండి తీయకండి.

చూపించేది ఎవరికన్న ప్రశ్నకి నా దగ్గర పెద్ద జవాబు లేదు. కంపెనీ సర్వీసు సెంటర్లో అసలు పార్టులు దొరుకుతాయి. ఊరి మెకానిక్ మీ ఎదుటే విప్పుతాడు. ఫోర్కు పనికి నాకు ఎదుటే విప్పడం ముఖ్యం.

బేరం దగ్గర ఒక జాగ్రత్త. "సీలు నేనే మార్పించి ఇస్తాను అన్నా, మీరెందుకు టెన్షన్ పడతారు" అని అమ్మేవాడు అంటే ఒప్పుకోకండి. గుడ్డతో తుడిచి ఇచ్చిన ఫోర్కుకీ సీలు మార్చిన ఫోర్కుకీ మొదటి వారం తేడా తెలియదు. డబ్బు తగ్గించమని, పని మీరే చేయించుకోండి. బండి విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఏపీ నెంబరుదైతే, ఎన్‌వోసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఆర్టీవో ఇచ్చే కాగితం) చేతికి రానిదే మొత్తం డబ్బు ఇవ్వకండి.