షికాగో క్రౌన్ ఫౌంటెన్: తడవడానికి సిద్ధమై వెళ్లండి

షికాగో వెళ్లిన మనవాళ్లు చాలామంది మిలీనియం పార్కులో అద్దంలా మెరిసే ‘బీన్’ శిల్పం ముందు ఫొటో దిగి కారెక్కేస్తారు. అదే పార్కులో, మిషిగన్ అవెన్యూ వైపు కాస్త నడిస్తే క్రౌన్ ఫౌంటెన్ ఉంటుంది. నాకు మాత్రం ఊరు మొత్తంలో అదే ఎక్కువ నచ్చింది. టికెట్ కూడా లేదు.

ఎదురెదురుగా 50 అడుగుల గాజు ఇటుకల టవర్లు రెండు. మధ్యలో నల్ల గ్రానైట్ నేల, దాని మీద పాదం కూడా మునగనంత పల్చగా నీళ్లు. టవర్ల మీద ఎల్ఈడీ వెలుగులో మనుషుల మొహాలు. అందరూ ఆ ఊళ్లో ఉండే మామూలు జనమే, దాదాపు వెయ్యి మంది. స్పెయిన్ శిల్పి జౌమె ప్లెన్సా చేసిన ఈ ఫౌంటెన్‌ను 2004లో ప్రారంభించారు.

వీడియో వేగం బాగా తగ్గించి చూపిస్తారు కాబట్టి మొదట ఫొటోయే అనుకుంటాం. ఇంతలో రెప్ప పడుతుంది, పెదవి చివర కదులుతుంది. కాసేపటికి మూతి సున్నాలా చుడతారు, ఆ నోట్లోంచి నీళ్లు ధారగా దూకుతాయి! మొహం ఎవరిదైనా నోరు సరిగ్గా నీటి గొట్టం దగ్గరికే వచ్చేలా ప్రతి వీడియోనూ సరిచేశారు. ఈ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. మూతి ముడవడం మొదలవగానే కేకలేస్తూ కిందికి పరుగెత్తుతారు. ముక్కూమొహం తెలియని పిల్లలు చేతులు పట్టుకుని ధార కింద నిలబడటం చూస్తుంటే కడుపు నిండిపోయింది. పగలు ఆడుకోనిచ్చి, చీకటి పడ్డాక మళ్లీ రండి. తడి గ్రానైట్ మీద ఆ మొహాల వెలుగు అప్పుడే కనిపిస్తుంది. చలికాలంలో మొహాలు ఉంటాయి గానీ నీళ్లు ఉండవు, అందుకే ఎండాకాలంలో వెళ్లడం మంచిది.

నది ఒడ్డున ‘ఆర్ట్ ఆన్ ద మార్ట్’ కూడా చూశాం. 2018 నుంచి ఓ పెద్ద భవనం ముఖం మీద, రెండున్నర ఎకరాల మేర, ప్రొజెక్టర్లతో బొమ్మలు ఆడిస్తున్నారు. ఇదీ ఉచితమే. భారీగా ఉంటుంది, కాదనను. కానీ నదికి ఇవతల నిలబడి చూడటమే తప్ప మనకు చేసే పనేమీ లేదు. ఒక్క సాయంత్రమే ఉంటే నా ఓటు ఫౌంటెన్‌కే.

బస లూప్‌లోనే, అంటే ఈ పార్కు పక్కనే ఉన్న ఊరి నడిబొడ్డులోనే తీసుకోండి. టాక్సే 17 శాతానికి పైన, దాని మీద మా హోటల్ బుకింగ్‌లో చిన్న అక్షరాల్లో పెట్టిన ‘సౌకర్యాల ఫీజు’ కూడా పడింది. అది నాకు అస్సలు నచ్చలేదు. అయినా తడిసి వణుకుతున్న పిల్లలతో నాలుగడుగుల్లో గదికి చేరొచ్చు కదా, ఆ డబ్బు దండగ అనిపించలేదు. శివారు ఊరైన అరోరాలో చుట్టాలింట్లో దిగితే డబ్బు మిగులుతుంది, బాలాజీ గుడీ దగ్గరే. కానీ రైల్లో రానూపోనూ పూట గడిచిపోతుంది, రాత్రి వెలుగులు చూసే ఓపిక ఉండదు.

ఓహేర్ ఎయిర్‌పోర్టు నుంచి బ్లూ లైన్ రైలు రాత్రింబవళ్లు నడుస్తుంది, క్యాబ్ అక్కర్లేదు. సామాను ఎక్కువుంటే లిఫ్ట్ ఉన్న క్లార్క్/లేక్ స్టేషన్‌లో దిగండి. పిల్లలకు తువ్వాలు, ఒక జత పొడి బట్టలు సంచిలో పెట్టుకోండి. పార్కు గేటు దగ్గర సంచులు తనిఖీ చేస్తారు. ఎండ ఎక్కువైతే రోడ్డు దాటి కల్చరల్ సెంటర్లోకి వెళ్లి కూర్చోవచ్చు. లోపలికి ఉచితం, బాత్రూములు ఉన్నాయి, పైన టిఫనీ కంపెనీ చేసిన 38 అడుగుల వెడల్పు గాజు గోపురం కూడా చూసి రావచ్చు.