చెల్లెలి రెండో పెళ్లికి ముందు మేము సంప్రదించిన న్యాయవాది కార్యాలయం

డాలస్ శివార్లలో కుటుంబ వ్యవహారాల కేసులు మాత్రమే చూసే ఒక చిన్న న్యాయవాది కార్యాలయానికి మా చెల్లెలి పని మీద మూడుసార్లు వెళ్లాము. మొదటి పెళ్లి గుంటూరులో జరిగి, విడాకులు టెక్సాస్‌లో వచ్చి, కాలిఫోర్నియాలో ఉన్న అబ్బాయితో సంబంధం కుదిరిన మనిషికి ఎన్ని చోట్ల చట్టాలు వర్తిస్తాయో అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. విడాకుల డిక్రీ (కోర్టు తీర్పు పత్రం) చేతికి వచ్చింది కదా అని, అది వచ్చిన ఇరవై నాలుగో రోజుకు ముహూర్తం కూడా పెట్టించుకున్నాము.

అటార్నీ గారు ముందుగా అడిగింది తేదీలు. టెక్సాస్‌లో విడాకులకు దరఖాస్తు చేయాలంటే దంపతుల్లో ఒకరైనా రాష్ట్రంలో ఆరు నెలలు, దరఖాస్తు వేసే కౌంటీలో (మన జిల్లా లాంటిది) 90 రోజులు నివసించి ఉండాలి. దరఖాస్తు వేశాక మామూలుగా 60 రోజులు ఆగాలి. ఇవి పాత లాయరు చెప్పినవే. డిక్రీ వచ్చాక మరో 30 రోజుల వరకు వేరొకరిని పెళ్లాడకూడదన్న నిబంధన మాత్రం ఆయన చెప్పలేదు. తగిన కారణం చూపితే కోర్టు ఈ గడువును సడలించవచ్చు గానీ, ముహూర్తం మార్చుకోవడమే మేలని ఆమె గట్టిగా చెప్పారు. విస్కాన్సిన్‌లో విడాకులు తీసుకున్నవారైతే ప్రపంచంలో ఎక్కడా ఆరు నెలల దాకా పెళ్లి చేసుకోవడానికి వీల్లేదని కూడా అప్పుడే తెలిసింది.

అసలు మేలు జరిగింది రెండోసారి వెళ్లినప్పుడు. పెళ్లికొడుకు విడాకుల కాగితాలు కూడా తెమ్మన్నారు. కోర్టు ముద్ర మీది తేదీ చూసి అంతా ముగిసిందని మేము అనుకుంటుండగా, ఆమె అదే కాగితంలో వివాహబంధం ముగిసే తేదీ రాసి ఉన్న వరుస మీద వేలు పెట్టి చూపించారు. ఆ తేదీ మా ముహూర్తం దాటి పది రోజుల తర్వాత ఉంది. కాలిఫోర్నియాలో అవతలి పక్షానికి కాగితాలు అందిన రోజు నుంచి, లేదా వారు కోర్టులో హాజరైన రోజు నుంచి, ఆరు నెలలు గడవనిదే వివాహబంధం తెగదట. ముద్ర ముందే పడినా అప్పటిదాకా ఆ మనిషి వివాహితుడే. ఆ ఒక్క వరుస చూడకపోయి ఉంటే మా చెల్లెలి పెళ్లి చట్టం ముందు చెల్లేది కాదు; అది తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

భారతదేశం సంగతి తన పరిధి కాదని, హైదరాబాద్‌లో ఒక అడ్వొకేట్‌ను అడగమని ఆమె నిజాయితీగా చెప్పారు. ఆ అడ్వొకేట్ గారు మాకు 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పును వివరించారు. తిరుపతిలో పెళ్లయిన ఒకాయన మిస్సోరీలో 90 రోజుల నివాసం చూపించి విడాకులు పొందారు. భార్య ఆ కోర్టు అధికారాన్ని అంగీకరించలేదు, అక్కడ ఇచ్చిన కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. అందుచేత ఆ డిక్రీ భారతదేశంలో చెల్లదని న్యాయస్థానం తేల్చింది. మా చెల్లెలి విషయంలో మొదటి భర్త కూడా మనస్ఫూర్తిగా సమ్మతించి సంతకం చేశాడు కాబట్టి ఇబ్బంది తక్కువని, అయితే ఆ సమ్మతికి సాక్ష్యం భద్రంగా ఉండాలని ఆయన అన్నారు. దాంతో ఆ సంతకమున్న కాగితాలకూ డిక్రీకీ సర్టిఫైడ్ కాపీలు తీసుకుని, అపాస్టిల్ (వేరే దేశంలోనూ ఆ కాగితాలను అంగీకరించేందుకు వేసే అధికారిక ధృవీకరణ) వేయించుకునే పనిని డాలస్ కార్యాలయం వారే పూర్తి చేసి పెట్టారు.

లోపాలు లేకపోలేదు. రుసుము గంటల లెక్కన ఉంటుంది, ఫోనులో అడిగిన చిన్న ప్రశ్నకూ లెక్క కడతారు. మెయిల్‌కు జవాబు రావడానికి ఒక్కోసారి వారం పట్టింది. తెలుగు తెలిసినవారు ఎవరూ లేకపోవడంతో, ఊరి నుంచి వచ్చిన మా అమ్మకు ప్రతి మాటా నేనే విడమరిచి చెప్పవలసి వచ్చింది. కూతురి జీవితానికి సంబంధించిన మాట ఆవిడ నేరుగా వినాలనుకోవడం న్యాయమే కదా.

అయినా ఒక రాష్ట్రంలో విడాకులై మరో రాష్ట్రం వారిని పెళ్లాడబోతున్నవారు ఇలా తేదీలన్నీ వరుసగా పెట్టి చూసే లాయరు దగ్గరికి ముహూర్తం పెట్టించుకోకముందే వెళ్లాలని నా మనవి. మేము ముహూర్తాన్ని ఏడు వారాలు వాయిదా వేసుకున్నాము. టెక్సాస్‌లో మ్యారేజ్ లైసెన్సు తీసుకున్నాక 72 గంటలు ఆగాలి కనుక, పెళ్లికి వారం ముందే కౌంటీ క్లర్కు కార్యాలయానికి వెళ్లి, ఇద్దరి డిక్రీలూ చేతిలో పెట్టుకుని లైసెన్సు తెచ్చుకున్నాము.