పెళ్లి సంబంధాల సైట్లలో ప్రొఫైల్ పెట్టేవారికి హెచ్చరిక: ‘తొలగించాం’ అన్న మాటను నమ్మి ఊరుకోకండి

డబ్బు కట్టి పెళ్లి సంబంధాల సైట్లలో ప్రొఫైల్ పెట్టాలనుకుంటున్న తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, ముఖ్యంగా సొంత ఫోటోతో సొంత నంబరుతో తామే ప్రొఫైల్ తెరుస్తున్న అమ్మాయిలకు ఈ హెచ్చరిక రాస్తున్నాను. నిశ్చితార్థం కాగానే మేము తొలగించిన మా చెల్లెలి ప్రొఫైల్, ఆమెకు పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన తర్వాత కూడా అదే సంస్థ వేరే పేరుతో నడిపే మరో సైట్లో కనిపించింది. పెళ్లి బ్యూరోల వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగింది. ఫోటో అందరికీ కనబడకుండా కట్టడి పెట్టి, నంబరు దాచి ఉంచే సదుపాయానికి అదనంగా డబ్బు కట్టిన తర్వాత జరిగిన విషయమిది. మా ఫిర్యాదు విచారణలో ఉంది కనుక సంస్థ పేరు రాయడం లేదు. అయినా నేను చెప్పబోయే పద్ధతులు ఆ ఒక్క సంస్థకే పరిమితమైనవని నేను అనుకోవడం లేదు.

మేము గుంటూరులో ఉంటాం, చెల్లెలు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేది. సైట్లో ప్రీమియం సభ్యత్వం తీసుకున్నప్పుడు, మేము అంగీకరించిన వారికి తప్ప ఎవరికీ ఫోటో కనిపించదనీ, మా అనుమతి లేకుండా నంబరు ఎవరి చేతికీ వెళ్లదనీ వారి రిలేషన్‌షిప్ మేనేజర్ ఫోన్లో చెప్పడమే కాక మెయిల్లో కూడా రాసి పంపారు. ఈ పని కోసమే ఒక కొత్త సిమ్ తీసుకుని అమ్మ ఫోన్లో వేశాం. ఆ నంబరును బ్యాంకుకు గానీ, గ్యాస్ ఏజెన్సీకి గానీ, బంధువులకు గానీ ఇవ్వలేదు. ప్రొఫైల్‌కు పెట్టిన ఫోటో కూడా మరెక్కడా వాడనిదే. వివరాలు ఎక్కడి నుంచి బయటికి వెళ్లాయో తర్వాత మేము గట్టిగా చెప్పగలిగింది ఈ రెండింటి వల్లనే.

తాంబూలాలు పుచ్చుకున్నాక సైట్లోకి వెళ్లి, తొలగించడానికి కారణం అడిగిన చోట ‘పెళ్లి కుదిరింది’ అన్నది ఎంచుకున్నాం. ప్రొఫైల్ తొలగించబడిందని సందేశం వచ్చింది. కొన్ని నెలలు గడిచాక అమ్మకు ఆ నంబరు మీద విజయవాడ నుంచి, రాజమండ్రి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మీ అమ్మాయికి తగిన సంబంధం ఉంది, రిజిస్ట్రేషన్ ఫీజు కడితే అబ్బాయి వివరాలు పంపిస్తాం అని వరస. అమ్మాయికి పెళ్లయిపోయిందని చెబితే కొందరు క్షమించమని పెట్టేశారు, ఒకరు మాత్రం మీరు ఇంకా చూస్తున్నట్టే ఉందే అంటూ వాట్సాప్‌లో బయోడేటా పంపారు. అందులో చెల్లెలి ఫోటో ఉంది, దాని మూలన ఆ సైటు ముద్ర సగం కత్తిరించి ఉంది. గోత్రం, నక్షత్రం, పాదం, పుట్టిన సమయం, నాన్న చేసిన ఉద్యోగం, మాకున్న పొలం ఎకరాలతో సహా, మా మేనమామల ఇంటిపేరు, ఊరు అన్నీ ఉన్నాయి.

అదే బయోడేటా చెల్లెలి అత్తవారి తరఫు బంధువు ఒకరికి వారి కులం గ్రూపులో వచ్చింది. పెళ్లయిన అమ్మాయి ఫోటో సంబంధాల గ్రూపులో ఎందుకు తిరుగుతోందన్న ప్రశ్న ఆ ఇంట్లో పుట్టింది. మా మరిది అర్థం చేసుకున్నాడు, ఆమె పక్కన గట్టిగా నిలబడ్డాడు కూడా. అయినా ఏ పాపమూ ఎరుగని పిల్ల కొత్తగా అడుగుపెట్టిన ఇంట్లో పెద్దల ముందు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఆ బాధకు పరిహారం ఎంతని అడగాలో నాకు తెలియలేదు. భర్త అంత సహృదయుడు కాని ఇంట్లో ఇదే జరిగితే ఏమయ్యేదో ఆలోచించండి.

సంస్థకు ఫోన్ చేస్తే, ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఉంటారు, మాకు సంబంధం లేదన్నారు. ఆ ప్రొఫైల్ కులం పేరుతో నడిచే వారి మరో సైట్లోనే ఇప్పటికీ బతికి ఉందని లింకుతో సహా పంపిన తర్వాత మాట మారింది. ఒక సైట్లో నమోదైన ప్రొఫైల్‌ను ‘మంచి సంబంధాలు త్వరగా దొరకడం కోసం’ తమ అనుబంధ సైట్లలో కూడా చూపిస్తామనీ, ఒక చోట తొలగిస్తే మిగతా చోట్ల దానంతట అదే తొలగిపోదనీ, ఈ సంగతి షరతుల్లో ఉందనీ జవాబిచ్చారు. షరతులు తీసి చదివితే ‘అనుబంధ సంస్థలు, భాగస్వాములు, సేవలందించేవారు’ అన్న మూడు మాటల్లో ఇదంతా ఇమిడిపోయి ఉంది. డబ్బు తీసుకునేటప్పుడు వారు మెయిల్లో రాసినది ఒకటి, షరతుల అడుగున ఉన్నది ఇంకొకటి.

చట్టం ప్రకారం వివరాలు ఉంచుకోవలసిందే అని కూడా అన్నారు. ఈ మాట మీకూ చెబుతారు కనుక కాస్త వివరంగా రాస్తాను. పెళ్లి సంబంధాల సైట్ల గురించి కేంద్ర ప్రభుత్వం 2016 జూన్‌లో ఒక సూచనపత్రం విడుదల చేసింది. ఖాతా తెరిచేవారి గుర్తింపు పత్రాలు తీసుకోవాలనీ, సైటు పెళ్లి కోసమే తప్ప డేటింగ్ కోసం కాదని స్పష్టంగా ప్రకటించాలనీ అందులో ఉంది. ఖాతా మూసిన తర్వాత ఏడాదిపాటు ఉంచమన్నది ఐపీ చిరునామా (ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వచ్చారో చెప్పే సంఖ్య) వంటి లాగ్ వివరాలను, అది కూడా మోసం జరిగితే పోలీసులకు ఉపయోగపడాలని. పెళ్లి కుదిరి వెళ్లిపోయిన అమ్మాయి ఫోటోను, జాతకాన్ని పక్క సైట్లో చూపించమని ఆ పత్రంలో ఎక్కడా లేదు.

ఇక బ్యూరోల చేతికి ఎలా వచ్చిందన్న సంగతి, అమ్మకు ఫోన్ చేసిన వారిలో ఒక పెద్దాయనను మర్యాదగా అడిగితే ఆయనే చెప్పారు. బ్యూరో నడిపేవారే పెళ్లికొడుకు పేరుతో ఒక ప్రొఫైల్ తెరిచి, ప్రీమియం సభ్యత్వం కట్టి, రోజూ వీలైనన్ని నంబర్లు, ఫోటోలు తీసుకుంటారట. ఒకరు సేకరించినవి పది మంది గ్రూపుల్లో పంచుకుంటారట. వెనకటి రోజుల్లో పెళ్లిళ్ల పేరయ్య సంచిలో ఉన్న ఫోటో సంబంధం కుదిరాక తిరిగి ఇంటికి వచ్చేది, ఎవరికి చూపించాడో అడిగితే చెప్పేవాడు. ఇప్పుడు వెళ్లిన ఫోటో ఎన్ని ఫోన్లలో ఉందో లెక్కించే దారి లేదు.

తొలగించామని చెప్పి ఉంచుకోవడం పెద్ద పెద్ద సంస్థలు కూడా చేసిన పనే. కెనడాలోని టొరంటో కేంద్రంగా నడిచిన యాష్లీ మ్యాడిసన్ అనే డేటింగ్ సైటు, వివరాలను పూర్తిగా చెరిపేస్తామని సభ్యుల దగ్గర 19 డాలర్లు వసూలు చేసేది. 2015లో హ్యాకర్లు ఆ సైటు వివరాలను ఎత్తుకుపోయి ఇంటర్నెట్‌లో బయటపెట్టినప్పుడు, దాదాపు 3.6 కోట్ల ఖాతాల సమాచారంతో పాటు ఆ డబ్బు కట్టిన వారి వివరాలు కూడా అందులో ఉన్నాయని తేలింది. మరుసటి ఏడాది డిసెంబరులో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఆ సంస్థ 16 లక్షల డాలర్లకు పైగా చెల్లించే ఒప్పందానికి రావలసి వచ్చింది. హ్యాకింగ్ లేకపోయినా నష్టం జరగవచ్చు. 2016లోనే ఓకేక్యుపిడ్ అనే మరో డేటింగ్ సైట్లోని దాదాపు 70,000 మంది సభ్యుల ప్రొఫైల్ వివరాలను డెన్మార్క్‌కు చెందిన కొందరు పరిశోధన పేరుతో సేకరించి బహిరంగంగా పెట్టేశారు. సభ్యులకే కనిపించేది ఎలాగూ బహిరంగమే కదా అన్నది వారి వాదన. సభ్యత్వం ఎవరైనా తీసుకోగలిగినప్పుడు ‘సభ్యులకు మాత్రమే’ అన్న మాట ఇచ్చే రక్షణ చాలా తక్కువ.

ఆ దేశాల డేటింగ్ ప్రొఫైల్ కంటే మన బయోడేటా ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం. అక్కడ ఒక మనిషి వివరాలు ఉంటాయి, మన దాంట్లో ఇంటిల్లిపాదివీ ఉంటాయి. పుట్టిన తేదీ, అమ్మ పుట్టింటి పేరు అన్నవి చాలా చోట్ల ఖాతాదారును గుర్తుపట్టడానికి అడిగే ప్రశ్నలు, ఆ రెండూ మనమే అచ్చు వేసి పంచుతున్నాం. ఆస్తి, జీతం, అన్నగారు ఏ దేశంలో ఉన్నారు అన్నవి మోసగాడికి ఎవరిని ఎంచుకోవాలో చెబుతాయి. విదేశంలో ఉన్న పెళ్లికొడుకునని చెప్పి నెలల తరబడి మాట్లాడి, కానుకల పార్సిల్ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు ఆపారంటూ డబ్బు వేయించుకునే మోసం ఏళ్ల తరబడి నడుస్తోంది. ఫోన్ చేసినవాడు మన గోత్రం చెప్పి, మేనమామ గారి ఊరు పేరు చెప్పి పలకరిస్తే తెలిసినవాళ్లేనని ఏ తల్లికైనా అనిపిస్తుంది.

అందుకే డబ్బు కట్టడానికి ముందే కొన్ని నిర్ణయాలు చేసుకోండి. మొదటి పరిశీలనకు నక్షత్రం, పాదం, గోత్రం, పుట్టిన సంవత్సరం చాలు. పూర్తి తేదీ, సమయం, పుట్టిన ఊరు రెండు కుటుంబాలు మాట్లాడుకున్నాక, జాతకాలు చూపించే రోజున ఇవ్వవచ్చు. మేనమామల ఇంటిపేర్లు, ఆస్తి వివరాలు, పనిచేసే కంపెనీ పేరు ప్రొఫైల్లో అక్కర లేదు, ఏ రంగంలో ఉద్యోగమో చెబితే సరిపోతుంది. విడిగా ఒక సిమ్, ఒక మెయిల్ పెట్టుకోండి. ఆ సిమ్ మీద వాట్సాప్ తెరిస్తే కుటుంబం ఫోటో డీపీగా పెట్టవద్దు. ఫేస్‌బుక్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఉన్న ఫోటో వాడితే, ఫోటోతో వెతికే సదుపాయం ద్వారా అమ్మాయి అసలు ఖాతా దొరికే అవకాశం ఉంటుంది, కాబట్టి ప్రొఫైల్ కోసం కొత్త ఫోటో తీయించండి. ఇంటి గేటు, బండి నంబరు, ఆఫీసు బ్యాడ్జీ అందులో పడకుండా చూడండి. లొకేషన్ ఆన్‌లో ఉంచి ఫోన్‌తో తీసిన ఫోటో ఫైల్లో తీసిన చోటు నమోదై ఉంటుంది, దాన్ని తీసేసి పెట్టండి. యాప్ అడిగినా కాంటాక్టులు చూసే అనుమతి ఇవ్వకండి. డేటింగ్ యాప్‌లు వాడేవారు, ఎదుటివారు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నారో చూపించే సదుపాయాన్ని తప్పక ఆపేయాలి. చోటు మారుస్తూ ఆ దూరాన్ని మళ్లీ మళ్లీ చూసి మనిషి ఉండే చోటును అంచనా కట్టవచ్చు. ఇంకొకటి, నా ప్రొఫైల్ మీ అనుబంధ సైట్లలో దేనిలోనైనా కనిపిస్తుందా, కనిపిస్తే వాటి పేర్లేమిటి అని కట్టే ముందే మెయిల్లో అడగండి. జవాబు రాకపోతే ఆ సంస్థకు డబ్బు కట్టవద్దని నా గట్టి సలహా.

తొలగించేటప్పుడు నేరుగా డిలీట్ నొక్కకండి. ముందుగా ఫోటోలన్నీ తీసేసి, గోత్రం మొదలు జీతం దాకా రాసిన ప్రతి గడినీ వీలైనంత ఖాళీ చేసి, ఆ మార్పులు సైట్లో కనిపించాక, అప్పుడు తొలగించండి. పాత రూపం ఎక్కడైనా మిగిలితే ఖాళీ ప్రొఫైలే మిగిలే అవకాశం ఎక్కువ. ‘హైడ్’, ‘డియాక్టివేట్’ అన్నవి తొలగింపు కావు. సభ్యత్వం డబ్బు ఖాతా నుంచి దానంతట అదే కట్ అయ్యేలా యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే దాన్ని విడిగా రద్దు చేయాలి. పెళ్లి ఫోటో పంపితే విజయగాథగా వేస్తామని కొన్ని సైట్లు అడుగుతాయి, దయచేసి పంపకండి. ఆ తర్వాత సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ రాయండి. 2021 ఐటీ నియమాల ప్రకారం ఆ అధికారి పేరు, సంప్రదించే విధానం సైట్లో ప్రకటించి తీరాలి, ఫిర్యాదును నిర్ణీత గడువులో పరిష్కరించాలి. అన్ని అనుబంధ సైట్లలోనూ, శాఖల కార్యాలయాల్లోనూ వివరాలు చెరిపినట్టు రాతపూర్వకంగా ధ్రువీకరించమని కోరండి. ఫోన్లో ఎంత తియ్యగా మాట్లాడినా మెయిల్ మీదనే పట్టుబట్టండి.

వివరాలు బయటికి వెళ్లిన తర్వాత ఏ తలుపు తట్టాలో కూడా చెబుతాను. ఎవరైనా మీ ఫోటోతో, పేరుతో దొంగ ప్రొఫైల్ నడిపితే ఐటీ చట్టం సెక్షన్ 66సి, 66డి కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు చేయండి, డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, సమాచారం చెరిపించుకునే హక్కు అందులో ఉంది. అయితే దాని నియమాలు 2025 నవంబరులో గాని వెలువడలేదు, కంపెనీల ముఖ్య బాధ్యతలు అమల్లోకి రావడానికి ఆ నియమాలే 18 నెలల వ్యవధి ఇచ్చాయి. ఈలోగా మనకు బాగా ఉపయోగపడేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. వినియోగదారుడు నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టబద్ధం కాని రీతిలో ఇతరులకు వెల్లడించడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని ఆ చట్టం సెక్షన్ 2(47) స్పష్టంగా చెబుతోంది. మేము ఫిర్యాదు చేసింది దాని కిందనే.

సంస్థ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. సభ్యత్వం రసీదు, వారు ఇచ్చిన హామీ మెయిల్, తొలగించినట్టు వచ్చిన సందేశం, తర్వాత ప్రొఫైల్ కనిపించిన పేజీ స్క్రీన్‌షాట్ తేదీతో సహా, వచ్చిన ఫోన్ల జాబితా, వాట్సాప్‌లో వచ్చిన బయోడేటా పంపినవారి నంబరుతో సహా దాచుకోండి. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయాలి. పెళ్లి హడావిడిలో పాత మెయిళ్లు చెరిపేసే ముందు వీటిని విడిగా ఒక చోట భద్రపరచండి.