భజన పాటల రికార్డింగులకు ఫ్లాక్, ఎంపీ3, ఓపస్: ఏది మేలు?

కోనసీమ ఊళ్లలో రామకోవెల భజన బృందాల పాటలు, కల్యాణోత్సవాల సన్నాయి మేళాలు, హరికథలు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో పాత క్యాసెట్లలోనే ఉన్నాయి. కాలవల నడుమనున్న మన తడిగాలికి టేపు బూజు పడుతుంది కనుక వాటిని కంప్యూటరులోకి ఎక్కించే పనిని వాయిదా వేయరాదు. ఎక్కించాక ఏ ఫార్మాట్‌లో దాచాలని అడిగితే చాలామంది ‘ఎంపీ3, 128’ (సెకనుకు 128 కిలోబిట్లు) అంటారు. దాచుకోవడానికి అది ఎంతమాత్రమూ చాలదని, ఆ పనికి ఫ్లాక్ ఒక్కటే తగినదని నా గట్టి అభిప్రాయం.

2001లో వెలువడిన ఫ్లాక్ ధ్వనిలో ఒక్క బిట్టును కూడా పోగొట్టకుండా ఫైలును కుదిస్తుంది. సీడీ నాణ్యతలో గంటసేపటి స్టీరియో రికార్డింగు కుదించని వేవ్ ఫైలుగా సుమారు 635 ఎంబీ ఉంటే, ఫ్లాక్‌లో అది తరచుగా సగానికీ మూడింట రెండు వంతులకూ మధ్య ఉంటుంది. టేపు హిస్సు (పాట వెనుక వినిపించే బుసబుస శబ్దం) ఎక్కువగా ఉన్న క్యాసెట్లు ఇంతగా కుదించుకుపోవు, ఎందుకంటే క్రమం లేని రొదను ముందుగా ఊహించి కుదించే వీలు ఏ పద్ధతికీ ఉండదు. ఫ్లాక్‌లో కనిపించే 0 నుంచి 8 వరకు అంకెలను నాణ్యత మెట్లుగా భావించేవారున్నారు. అవి కుదింపుకు పట్టే సమయాన్నీ ఫైలు పరిమాణాన్నీ మాత్రమే మారుస్తాయి, ధ్వని అన్నింటిలోనూ ఒక్కటే. ఇక ఒక్కో ధ్వని నమూనాను 16 బిట్లకు బదులు 24 బిట్లలో రాసుకోవాలా అన్న విషయానికొస్తే, మామూలు క్యాసెట్టు ఇవ్వగలిగే శబ్ద వ్యాప్తి (అతి మెల్లని, అతి పెద్ద ధ్వనుల మధ్య తేడా) 60 డెసిబెల్స్ దరిదాపుల్లోనే ఉంటుంది, 16 బిట్లకు 96 డెసిబెల్స్ వరకు చోటుంది. కనుక సీడీలో వాడే 44.1 కిలోహెర్ట్‌జ్, 16 బిట్లు మన పనికి పూర్తిగా సరిపోతాయి.

128 కిలోబిట్ల ఎంపీ3 ఎక్కడ తడబడుతుందో తెలియాలంటే మంగళహారతి దగ్గర తాళాలు జోరందుకునే చోటు వినాలి. ఎంపీ3 ధ్వనిని చిన్న ఖండాలుగా కోసి, చెవికి అంతగా పట్టని వివరాలను ఉజ్జాయింపుగా రాసుకుంటుంది. ఆ ఉజ్జాయింపు వల్ల పుట్టే రొద ఖండమంతటా పరుచుకుంటుంది. తాళం దెబ్బ ఖండం నడుమ పడినప్పుడు ఆ రొద దెబ్బకు ముందున్న నిశ్శబ్దంలోకి కూడా పాకుతుంది, దీనినే ప్రీ-ఎకో అంటారు. ఇలాంటి చోట్ల ఎన్‌కోడర్ (ధ్వనిని కుదించే ప్రోగ్రాము) పొట్టి ఖండాలకు మారుతుంది గానీ, 128లో వాటికి చాలినన్ని బిట్లు మిగలవు. పైగా ఆ రేటులో 16 కిలోహెర్ట్‌జ్‌కు పైనున్న ధ్వనిని సాధారణంగా కత్తిరించేస్తారు. ఖంగుమని విడివిడిగా వినిపించవలసిన తాళాలు ఒకదానిలోకొకటి కలిసిపోయి ఇసుక రాలినట్టు వినిపిస్తాయి. మృదంగం వలంతల (కుడివైపు) మీది చాపు దెబ్బ కూడా ఇలాగే పదును కోల్పోతుంది. హరికథలో వచనభాగానికి మాత్రం ఈ ఇబ్బంది చాలా తక్కువ.

అయినా ఎంపీ3ని తోసిపుచ్చలేము. ట్రాక్టర్లలో, ఆటోల్లో, మైక్‌సెట్ల వారి దగ్గర ఉండే పెన్‌డ్రైవ్ ప్లేయర్లు తప్పక పాడే ఫార్మాట్ అదే, వాటిలో చాలావాటికి ఫ్లాక్ గాని ఓపస్ గాని తెలియదు. అందుకోసం ఎంపీ3 తయారుచేసే లేమ్ ఎన్‌కోడర్‌లో వీ2 అనే నాణ్యత మెట్టు ఎంచుకుంటే సగటున 190 కిలోబిట్ల దగ్గర, అంటే గంటకు సుమారు 85 ఎంబీలో, తాళాలు చెక్కుచెదరకుండా వస్తాయి. 320 పెడితే గంటకు 144 ఎంబీ అవుతుంది, అంత తేడా మైక్‌సెట్టు హారన్లలో ఎవరికీ వినిపించదు.

ఫోనులో వినడానికి ఓపస్ మేలు. 2012లో ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ సంస్థ ప్రమాణంగా వచ్చిన ఈ ఫార్మాట్ తక్కువ బిట్లలో ఎంపీ3 కన్నా స్పష్టంగా మెరుగు: స్టీరియో భజనకు 128, ఒకే మైకుతో మోనోలో రికార్డు చేసిన హరికథకు 64 కిలోబిట్లు చాలు. ఐఫోన్ వాడేవారు ఏఏసీ అనే మరో ఫార్మాట్‌ను ఎంచుకున్నా ఇబ్బంది లేదు.

ఏ నకలునైనా ఫ్లాక్ నుంచే తీయాలి. 128 ఎంపీ3ని 320గా మార్చినా, ఫ్లాక్‌గా మార్చినా పోయినది తిరిగి రాదు, ఫైలు మాత్రం లావవుతుంది. ఎంపీ3 నుంచి ఓపస్ తీస్తే మొదటి నష్టం మీద రెండో నష్టం చేరుతుంది. హిస్సు తగ్గించే పని కూడా నకలులోనే చేసుకోవాలి, ఎందుకంటే ఆ సాధనాలు హిస్సుతో పాటు సన్నాయి పైస్థాయి నాదాన్ని కూడా కొంత తుడిచేస్తాయి. ఫ్లాక్ ఫైళ్లను రెండు వేర్వేరు డ్రైవుల్లో ఉంచి, అప్పుడప్పుడు ఫ్లాక్ ప్రోగ్రాములోని టెస్ట్ ఆదేశం నడపాలి. ఫైలులోనే దాచివుంచిన ఎండీ5 సంఖ్యతో (అసలు ధ్వని నుంచి లెక్కగట్టిన గుర్తింపు సంఖ్య) పోల్చి, ధ్వని ఎక్కడైనా చెడిందేమో అది చెబుతుంది. చెడిన ఫైలు దొరికితే రెండో డ్రైవు నుంచి వెంటనే మరో నకలు తీసుకోవచ్చు.