డ్యామేజా, డ్యామేజెస్సా?

మొన్న ఆటో తగిలి కారు బంపర్ సొట్టపోయింది. ఇన్సూరెన్స్ వాళ్లకి లెటర్ రాస్తూ ‘డ్యామేజెస్’ అని పెట్టాను. సర్వేయర్ చదివి, “కోర్టుకెళ్లారా సార్?” అని నవ్వాడు.

అర్థం: డ్యామేజ్ అంటే నష్టం. డ్యామేజెస్ అంటే నష్టపరిహారం, కోర్టు ఇప్పించే డబ్బు. తెలుగులో రెండు వేరే మాటలు కాబట్టి మనకి ఈ తికమక లేదు. ఇంగ్లిష్‌లో తేడా అంతా చివరి ‘ఎస్’లోనే.

వ్యాకరణం: డ్యామేజ్‌ని నీళ్లలాగే లెక్కపెట్టలేం. నాలుగు చోట్ల సొట్టలున్నా ‘మచ్ డ్యామేజ్’ అనాలి, ‘మెనీ డ్యామేజెస్’ కాదు. డ్యామేజెస్ ఎప్పుడూ బహువచనమే.

రిస్క్: మాటల్లో తప్పినా ఎవరూ పట్టించుకోరు. అగ్రిమెంట్‌లో తప్పితే మాత్రం టెన్షనే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ‘లాస్ ఆర్ డ్యామేజ్’ అని నష్టాన్ని చెప్తుంది. దానికి కట్టే డబ్బు కాంపెన్సేషన్.

అన్నట్టు, బ్రిటన్‌లో “వాట్స్ ద డ్యామేజ్?” అని సరదాగా అడిగితే బిల్లెంత అని!

బంపర్, పంట, పైకప్పు, పరువు పాడైతే డ్యామేజ్. లాయర్ నోటీసులో డబ్బు అడిగేటప్పుడు డ్యామేజెస్. మనిషికి దెబ్బ తగిలితే రెండూ కాదు, ఇంజురీ.