టోనీ గ్రెగ్ కామెంటరీ: షార్జా 1998 మళ్లీ పెట్టుకుని వింటే

2012 డిసెంబర్ 29న గ్రెగ్ పోయారనగానే మనవాళ్లు వెతుక్కున్నది షార్జా క్లిప్పులే. ముందు ఏప్రిల్ 22న ఆస్ట్రేలియాతో ఆడిన మ్యాచ్ వినండి: సచిన్ 131 బంతుల్లో 143. ఇసుక తుఫాను తర్వాత గెలుపు లక్ష్యం 46 ఓవర్లలో 276, ఫైనల్ చేరడానికి 237 చాలు. ఈ లెక్క తెలియకపోతే ఓడిన మ్యాచ్‌కి ఆ సంబరమేంటో అర్థం కాదు. తర్వాత 24న ఫైనల్, సచిన్ 134.

సిక్సర్ గాల్లో ఉండగానే ఆయన గొంతు లేస్తుంది, బంతి పడేదాకా దిగదు. మూడు నిమిషాల క్లిప్పులొద్దు. వాటిలో వెనక పాట అతికించి గొంతును మింగేస్తారు. పూర్తి ఇన్నింగ్స్, హెడ్‌ఫోన్స్‌తో.

లోపమా? అతి. వ్యూహం అర్థం కావాలంటే ఆస్ట్రేలియా కామెంటేటర్ రిచీ బెనో దగ్గరికే వెళ్లాలి.

వెస్టిండీస్ అభిమానుల రేటింగ్ వేరు. 1976లో వాళ్ల జట్టును 'గ్రోవెల్' చేయిస్తానన్నాడు, అంటే కాళ్ల దగ్గర పాకేలా చేస్తానని. అప్పట్లో వర్ణవివక్ష నడిచిన దక్షిణాఫ్రికాలో పుట్టిన తెల్ల ఇంగ్లండ్ కెప్టెన్ నోట, నల్లవాళ్ల జట్టు మీద ఆ మాట! సిరీస్ 3-0తో పోయింది. వెస్టిండీస్ బ్యాటర్ వివ్ రిచర్డ్స్ ఒక్కడే 4 టెస్టుల్లో 829 కొట్టాడు.

కామెంటరీకి మాత్రం అయిదుకి నాలుగు.