ఎంటీయూ తగ్గించాలా, ఎంఎస్ఎస్ బిగించాలా?

పింగ్ వెళ్తుంది, చిన్న పేజీలు తెరుచుకుంటాయి, పెద్ద ఫైల్ మాత్రం మధ్యలో ఆగిపోతుంది. పీపీపీఓఈ (కొన్ని బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు లాగిన్‌కి వాడే పద్ధతి) లైన్‌లోనో, వీపీఎన్‌లోనో ఇలా జరిగితే ముందు ప్యాకెట్ సైజునే అనుమానించాలి. ఒక ప్యాకెట్ మొత్తం ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే పరిమితి ఎంటీయూ. ఈథర్నెట్‌లో అది 1500 బైట్లు. అందులో 8 బైట్లు పీపీపీఓఈ తీసుకుంటే మిగిలేది 1492. ఐపీ, టీసీపీ హెడర్లకు (ప్యాకెట్ ముందుండే చిరునామా లాంటి వివరాలకు) 40 పోతే ఎంఎస్ఎస్, అంటే ఒక టీసీపీ ప్యాకెట్‌లో పట్టే అసలు డేటా, 1452. ఐపీవీ6లో హెడర్లకే 60 కాబట్టి 1432.

శ్రమ: ఎంఎస్ఎస్ బిగించడానికి, అంటే ఆ అంకెను తగ్గించడానికి, ఫైర్‌వాల్‌లో ఒక్క రూల్ చాలు. ఎంటీయూని కంప్యూటర్లలో మార్చాలంటే సాధారణంగా ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్లాలి.

పరిధి: ఎంఎస్ఎస్ రూల్ పనిచేసేది టీసీపీ మీదే. వీడియో కాల్స్, గేమ్‌ల లాంటివి ఎక్కువగా వాడే యూడీపీని అది ముట్టుకోదు. ఎంటీయూ అన్నిటికీ వర్తిస్తుంది.

రిస్క్: అసలు చిక్కు ఇక్కడే. రౌటర్‌లో ఎంటీయూ ఒక్కటే తగ్గిస్తే, "ప్యాకెట్ పెద్దదైంది" అని పంపినవాళ్లకు ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలను తెలిపే సందేశాలు) ద్వారా కబురు అందాలి. దారిలో ఎవరో భద్రత పేరుతో ఐసీఎంపీని మొత్తం ఆపేసి ఉంటారు (ఈ అలవాటు ఎప్పటికి పోతుందో!). కబురు అందదు, కనెక్షన్ వేలాడుతుంది. ఎంఎస్ఎస్ రూల్‌కి ఆ కబురుతో పని లేదు. కనెక్షన్ మొదలయ్యే సిన్ ప్యాకెట్‌లోనే ఎంఎస్ఎస్ అంకె మార్చేస్తుంది. అయితే మరీ తక్కువ పెడితే హెడర్ల భారం పెరిగి వేగం తగ్గుతుంది.

వెబ్, ఫైళ్ల పనే ఎక్కువైతే ఎంఎస్ఎస్ చాలు. వీపీఎన్ టన్నెల్‌లో యూడీపీ కూడా తడబడుతుంటే టన్నెల్ ఎంటీయూ సరిచేయక తప్పదు. నేనైతే రెండూ పెడతాను, ఐసీఎంపీని మాత్రం ఆపను.